షిబ్బోలెతు అనలేని పిల్లలు

న్యాయాధిపతుల గ్రంథము 12వ అధ్యాయములో ఒక భయంకరమైన సంగతి ఉన్నది. యెఫ్తా దినములలో గిలాదువారు యొర్దాను రేవులను పట్టుకొని, దాటవచ్చిన ప్రతివానిని ఒక్క మాట పలకమని అడిగారు. ఆ మాట షిబ్బోలెతు. ఎఫ్రాయిము గోత్రపువారి నాలుకకు ఆ 'ష' తిరగదు. 'సిబ్బోలెతు' అన్నవాడు అక్కడే దొరికిపోయాడు. ఆ విధముగా ఆ కాలములో కూలినవారు 42,000 మంది. అందరూ ఒకే తండ్రి సంతానము, ఒకే దేవుని ప్రజలు. మధ్యలో అడ్డుగా నిలిచినది ఒక్క అక్షరము.

ఈ వాక్యభాగమును మేము ఎన్నోసార్లు చదివాము. అయితే ఇది మన ఇళ్ళలోని పసిపిల్లల సంగతి అని ఎన్నడూ తోచలేదు. గడచిన మూడేళ్ళలో, హైదరాబాదులో మా అబ్బాయి ఇంట ఉన్నప్పుడు ఆ సంగతి కళ్ళారా చూశాము. మెదక్ ప్రాంతపు పల్లెలో పుట్టి పెరిగిన వృద్ధ దంపతులము మేము. మావంటి తాతలు, నానమ్మలు, అమ్మమ్మలు ఇప్పుడు ప్రతి సంఘములోను ఉన్నారు. మా తప్పులు మరియొకరికి పాఠమగునేమోనని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

రాళ్ళ గుట్టల మధ్య లేచిన పట్టణము

ఒకప్పుడు మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి అంటే పెద్ద పెద్ద బండరాళ్ళు, పొలాలు, చెరువులు. 1998 నవంబరు 22న అప్పటి ప్రధానమంత్రి వాజపేయిగారు మాదాపూర్‌లో సైబర్ టవర్స్ భవనమును ప్రారంభించారు. హైటెక్ సిటీ అక్కడ మొదలైనది. తరువాత ఇరవై ఏళ్ళలో గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ దాకా అద్దాల మేడలు లేచాయి. మన పల్లెల నుండి ఇంజనీర్లు అక్కడికి వెళ్ళారు. వారితోపాటు డ్రైవర్లు, వాచ్‌మెన్లు, వంటమనుషులు, మేస్త్రీలు, కూలీలు కూడ వెళ్ళారు.

మేడల వెంట బడులు వచ్చాయి. 1989లో ప్రారంభమైన చిరెక్ నేడు కొండాపూర్‌లో పెద్ద పాఠశాల. 2001లో ఓక్‌రిడ్జ్ వచ్చినది. అంతకు ఎంతో ముందే, 1972లో పటాన్‌చెరులో ఇక్రిశాట్ ఏర్పడినందువలన దేశదేశాల శాస్త్రవేత్తలు తమ కుటుంబాలతో మన మెట్టపొలాల మధ్యకు వచ్చి కాపురముండగా, వారి పిల్లల కొరకు ఆ ఆవరణలోనే అంతర్జాతీయ పాఠశాల నడిచినది.

అంతర్జాతీయ పాఠశాల అనగా నేమి? 1968లో జెనీవా నగరములో స్థాపింపబడిన ఇంటర్నేషనల్ బకలారియెట్ పాఠ్యక్రమమునో, ఇంగ్లాండులోని కేంబ్రిడ్జి పాఠ్యక్రమమునో బోధించు బడి. ఒక దేశము నుండి మరియొక దేశమునకు మారినా పిల్లల చదువు చెడకుండ ఉండుట కొరకు ఈ ఏర్పాటు. అయితే బోర్డు మీద 'ఇంటర్నేషనల్' అని వ్రాసుకున్న ప్రతి బడి అటువంటిది కాదు. రెండు గదులు, రేకుల పైకప్పు ఉన్న బడులకు కూడ ఆ పేరు ఉండుట మేము చూశాము.

నిజముగా ఆ పద్ధతి పాటించే బడులలో రెండు రకాల సహాయముంటుంది. ఒకటి, ఇంగ్లీషు రాని పిల్లలకు ఇంగ్లీషు నేర్పే ప్రత్యేక తరగతి. కొరియా నుండియో జపాను నుండియో వచ్చిన బిడ్డను ఇంగ్లీషు రాదని ఎవరూ మందబుద్ధి అనరు. వేరే టీచరు కూర్చుండబెట్టుకొని నేర్పుతుంది. రెండవది, నేర్చుకొనుటలో ఇబ్బంది గల పిల్లలకు ప్రత్యేక ఉపాధ్యాయులు, మాటల చికిత్స చేయువారు, ఒక్కొక్క బిడ్డకు విడిగా వ్రాసుకొనే చదువు ప్రణాళిక. కొందరికి ప్రక్కనే కూర్చుండే తోడు టీచరు ఉంటుంది. ఆమె జీతము చాలాచోట్ల తల్లిదండ్రులే ఇచ్చుకోవాలి. ఈ రెండు సహాయములూ వేరువేరు. వాటిని కలగాపులగము చేసినచోట బిడ్డ నలిగిపోతాడు.

పై అంతస్తులో ఒక బాబు

మా మనుమనికి మూడున్నర ఏళ్ళు వచ్చినా మాటలు రాలేదు. కావలసిన దాని దగ్గరకు మన చెయ్యి పట్టుకొని లాక్కొనిపోయేవాడు. కోడలు భయపడుతుంటే మేమే సర్దిచెప్పాము. "మగపిల్లలకు మాటలు ఆలస్యమే అమ్మా, మా నాయనకు కూడ ఐదేళ్ళకు వచ్చాయట" అన్నాము. ప్రార్థన చేయుచున్నాము గదా, పరీక్షలెందుకు అన్నాము. ఒక సంవత్సరము ఆ విధముగా మా మాట మీదనే గడిచిపోయినది. ఇది మా మొదటి తప్పు.

తరువాత ఒక పెద్ద బడిలో చేర్చుటకు వెళ్ళారు. అక్కడి టీచరు ఇంగ్లీషులో పేరు అడిగినది, రంగులు అడిగినది. బాబు కిటికీ వైపు చూస్తూ కూర్చున్నాడు. "ఇంట్లో రెండు భాషలు వినపడి పిల్లవాడు తికమకపడుచున్నాడు. తెలుగు మానివేసి ఇంగ్లీషే మాట్లాడండి. ఆరు నెలల తరువాత తీసుకొని రండి" అని చెప్పి పంపివేశారు.

ఆ రాత్రి కోడలు చాలాసేపు వంటగది గుమ్మము దగ్గర నిలబడినది. చివరకు తల వంచుకొని, "అత్తయ్యా, ఏమనుకోకండి, కొన్నాళ్ళు బాబుతో తెలుగులో మాట్లాడకండి" అన్నది. ఆమె తప్పు ఏమీ లేదు. చదువుకున్నవారు చెప్పినదే చెప్పినది.

తాతకు వచ్చినది వచ్చీరాని ఇంగ్లీషు. నానమ్మకు అదీ లేదు. కాబట్టి నానమ్మ నోరు మూసుకున్నది. పడుకోబెట్టేటప్పుడు చెప్పే దావీదు కథ, దానియేలు కథ ఆగిపోయాయి. అన్నం తినిపించేటప్పుడు పాడే పాట ఆగిపోయినది. బాబు వచ్చి ఆమె గడ్డము పట్టుకొని తన వైపు తిప్పుకొనేవాడు. ఆమె నవ్వి ఊరుకొనేది. తరువాత స్నానాల గదిలోకి వెళ్ళి ఏడ్చేది. నాలుగు నెలలకు బాబుకు ఇంగ్లీషు రాలేదు సరిగదా, ఉన్న 'అమ్మ', 'తాత' కూడ తగ్గిపోయాయి. మొండితనము పెరిగినది.

సెల్లారులో ఒక పాప

అదే అపార్టుమెంటులో, కార్లు నిలిపే సెల్లారు గదిలో వాచ్‌మన్ కుటుంబము ఉన్నది. మహబూబ్‌నగర్ వైపు తండా నుండి వచ్చిన లంబాడీవారు, ప్రభువును ఎరిగినవారు. వారి పాప రెండవ తరగతి. తల్లితో లంబాడీ, మాతో తెలుగు, ఇస్త్రీబండి అతనితో హిందీ గలగల మాట్లాడేది. పాలలెక్క తల్లికి ఆమే చెప్పేది. ఆ పాపను దగ్గరలోని, పేరులో 'ఇంటర్నేషనల్' ఉన్న చిన్న ఇంగ్లీషు మీడియము బడిలో అప్పు చేసి వేశారు. సంవత్సరాంతమున బడివారు, "మీ పాప స్లో లర్నర్, మళ్ళీ ఒకటి నుండి చదివించండి, లేదా వేరే బడి చూసుకోండి" అన్నారు.

"అయ్యా, మా బిడ్డ తలకాయ మంచిది కాదంట" అని ఆ తండ్రి చెప్పుచున్నప్పుడు, ఆ పాప ప్రక్కనే నిలబడి విన్నది. ఆ ముఖమును మేము మరువలేము.

చూడండి, ఇది ఎంత తలక్రిందుల వ్యవహారమో. పై అంతస్తులోని బాబుకు నిజముగా లోపమున్నది. దానిని భాష గొడవ అన్నారు. సెల్లారులోని పాపకు ఉన్నది భాష గొడవ మాత్రమే. దానిని లోపము అన్నారు. ఇద్దరినీ రేవు దాటనియ్యలేదు.

తెలిసినవారు చెప్పిన మాట

దేవుని కృపను బట్టి ఒక పిల్లల డాక్టరుగారు మా బాబును చూసి, ముందు చెవి పరీక్ష చేయించమన్నారు. బెరా పరీక్షలో వినికిడి బాగుగా ఉన్నదని తేలినది. తరువాత మాటల చికిత్స చేసే ఒక అమ్మాయి దగ్గరకు పంపారు. ఆమె బాబును తెలుగులోను ఇంగ్లీషులోను పరీక్షించినది. రెండింటిలోను మాట వెనుకబడియున్నది గాని, తెలుగులో చెప్పినది చాలావరకు గ్రహించుచున్నాడు.

ఆమె మావైపు తిరిగి, "ఇంట్లో బాబుతో ఎక్కువసేపు ఉండేది ఎవరమ్మా?" అని అడిగినది.

"నేనేనమ్మా. కాని నన్ను మాట్లాడవద్దన్నారు" అన్నది నానమ్మ.

ఆ అమ్మాయి కాసేపు ఏమీ అనలేదు. తరువాత, "రేపటి నుండి మాట్లాడండమ్మా. మీరే నాకు కావలసిన మనిషి" అన్నది.

రెండు భాషలు వినుటవలన మాటల లోపము పుట్టదు. నిజమైన లోపముంటే అది రెండు భాషలలోను కనబడుతుంది; ఒక్క భాషలోనే కనబడితే, ఆ భాష ఇంకా చాలినంత రాలేదని అనుకోవాలి. ఆటిజము, డౌన్ సిండ్రోము గల పిల్లలను పరిశోధించినవారు కూడ, రెండవ భాష వినుటవలన వారి మాట మరింత వెనుకబడదని కనుగొన్నారు. పైగా బాగుగా వచ్చిన భాషను ఇంటివారి నోట మాన్పించి, వచ్చీరాని భాషలో రెండు ముక్కలు మాట్లాడించుటవలన బిడ్డ వినే మాటలే తగ్గిపోతాయి.

మన హైదరాబాదు నిమ్స్ ఆసుపత్రిలో డాక్టర్ సువర్ణ అల్లాడిగారు, వారితో కలిసినవారు మతిమరుపు వ్యాధి గల 648 మంది వృద్ధులను పరిశీలించి 2013లో ఫలితములు ప్రకటించారు. ఒక్క భాష వచ్చినవారికంటె రెండు లేక ఎక్కువ భాషలు మాట్లాడేవారికి ఆ వ్యాధి సుమారు నాలుగున్నర సంవత్సరాలు ఆలస్యముగా మొదలైనది. చదువురానివారిలో కూడ ఇదే తేడా కనబడినది. కాబట్టి మన పల్లెవారి రెండు మూడు భాషలు మెదడుకు బరువు కావు.

సెల్లారు పాప సంగతికి కూడ జవాబు ఉన్నది. కెనడా దేశములో జిమ్ కమ్మిన్స్ అనే విద్యావేత్త 40 ఏళ్ళకు పైగా చెప్పుచు వచ్చిన మాట ఇది. క్రొత్త భాషలో ఆటపాటల మాటలు సుమారు రెండేళ్ళకు పట్టుబడతాయి గాని, పాఠములు చదివి అర్థము చేసుకొనే భాషకు ఐదు ఏళ్ళు లేక అంతకంటె ఎక్కువ కాలము పడుతుంది. ఈ తేడా తెలియక, వలసవచ్చిన పిల్లలను లోపము గలవారిగా ముద్రవేయుట ఆ దేశములో కూడ జరిగినదని ఆయన చూపాడు. మన పాపకు ఇంగ్లీషుతో రెండేళ్ళ పరిచయము కూడ లేదు!

మరొక చిత్రము వినండి. ఇంటర్నేషనల్ బకలారియెట్ బడులు పిల్లల మాతృభాషను నిలబెట్టవలెనని ఆ సంస్థ నియమము. బడిలో ఆ భాష టీచరు లేకపోయినా పెద్ద తరగతి విద్యార్థి తన సొంత భాషా సాహిత్యమును చదువుకొని పరీక్ష వ్రాసే అవకాశము కూడ ఉన్నది. తెలంగాణలో 2018 చట్టము ఒకటి నుండి పది వరకు బడులలో తెలుగును తప్పనిసరి చేసినది. 2020 జాతీయ విద్యావిధానము వీలైనంతవరకు ఐదవ తరగతి దాకా ఇంటి భాషలో బోధన జరుగవలెనన్నది. ఇన్ని ఉండగా, మన తల్లిదండ్రులు మాత్రము బిడ్డ నోట తెలుగు వినబడితే సిగ్గుపడుచున్నారు.

చట్టము ఏమంటున్నది?

2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టము, 2017 ఏప్రిల్ 19 నుండి అమలులో ఉన్నది. 1995 నాటి చట్టములో ఏడు రకముల వైకల్యములే ఉండగా, దీనిలో 21 ఉన్నవి. ఆటిజము, మాటల లోపము, చదువుట వ్రాయుటలో కలిగే ప్రత్యేక ఇబ్బంది, అనగా డిస్‌లెక్సియా వంటివి కూడ చేరినవి. ప్రభుత్వ గుర్తింపు గల బడులు వివక్ష లేకుండ ఈ పిల్లలను చేర్చుకొని ఇతరులతో కలిపి చదివించునట్లు ప్రభుత్వములు చూడవలెనని చట్టము చెప్పుచున్నది. పరీక్షలలో అదనపు సమయము, వ్రాసిపెట్టే మనిషి, రెండవ మూడవ భాషల నుండి మినహాయింపు వంటివి కూడ దానిలో ఉన్నవి. నలభై శాతము లేక అంతకు మించిన వైకల్యము ఉన్నట్లు ధ్రువపత్రము గల బిడ్డకు 6 నుండి 18 ఏళ్ళ వరకు ఉచిత విద్య హక్కు.

ఒక్క హెచ్చరిక. పరీక్షలో ఒక భాష మినహాయింపు తీసుకొనుట వేరు. ఇంట్లో ఆ భాష మాట్లాడుట మానివేయుట వేరు. మొదటిది అవసరమున్న బిడ్డకు ఊరట. రెండవది ఏ బిడ్డకూ మేలు కాదు.

పల్లెలో ఉన్నవారు ఎక్కడికి వెళ్ళాలి?

లక్షల రూపాయల ఫీజు కట్టే బడులలోనే సహాయమున్నదని నిరాశపడవద్దు. మొదట మీ అంగన్‌వాడీ టీచరుకు, ఆశా కార్యకర్తకు చెప్పండి. 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద అంగన్‌వాడీలకు, ప్రభుత్వ బడులకు వచ్చే వైద్య బృందము పిల్లలను చూచి, జిల్లా ఆసుపత్రిలోని డి.ఇ.ఐ.సి. కేంద్రమునకు పంపుతుంది. రెండు తెలుగు రాష్ట్రములలోను మండల స్థాయిలో భవిత కేంద్రములు ఉన్నవి. ప్రత్యేక అవసరాల పిల్లలకు నేర్పే ఉపాధ్యాయులు అక్కడ ఉంటారు. సికింద్రాబాదు బోయినపల్లి దగ్గర మనోవికాస్ నగర్‌లో 1984లో స్థాపించిన జాతీయ సంస్థ ఉన్నది. పూర్వము దానిని ఎన్.ఐ.ఎం.హెచ్. అనేవారు, ఇప్పుడు ఎన్.ఐ.ఇ.పి.ఐ.డి. అంటారు. వినికిడి, మాట లోపముల కొరకు అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ శాఖ కూడ ఆ ఆవరణలోనే ఉన్నది.

ఏ వయసుకు ఏమి చూడాలి? ఏడాది నిండినా ఊకొట్టుట, చేతితో చూపించుట లేకపోతే, 16 నెలలకు ఒక్క మాటయైనా రాకపోతే, రెండేళ్ళకు 'అమ్మా పాలు' వంటి రెండు మాటలు కలుపలేకపోతే, వచ్చిన మాటలు ఏ వయసులోనైనా పోతే ఆలస్యము చేయవద్దు. ముందు వినికిడి పరీక్ష చేయించండి. పరీక్ష చేయువారితో, 'మా బిడ్డ ఇంటి భాషలో కూడ చూడండి' అని ధైర్యముగా అడగండి.

సంఘము చేయవలసినది

శిష్యులు పుట్టుగ్రుడ్డివానిని చూచి ఎవరు పాపము చేశారని అడిగినప్పుడు ప్రభువు ఏమి సెలవిచ్చెనో యోహాను సువార్త 9వ అధ్యాయములో చదవండి. ఆ ప్రశ్న మన సంఘములలో ఇంకా అడుగుచున్నాము. మా కోడలిని కూడ అడిగారు. ప్రార్థించుట మన పని. పరీక్ష చేయించుటయు మన పనే. ఒకటి రెండవదానికి అడ్డము కాదు. ఇది తెలియుటకు మాకు ఒక సంవత్సరము పోయినది.

సండే స్కూలులో చదువలేని బిడ్డను లేపి అందరి ముందు వాక్యము చదివించవద్దు. కంఠత పోటీలో తడబడే బిడ్డకు కథలోని బొమ్మ పట్టుకొనే పని, కానుక పెట్టె త్రిప్పే పని ఇవ్వండి. పండుగ నాటికలో మాటలు లేని పాత్రయైనా ఇవ్వండి. నోరు తిరగదని మోషే దేవునితో మొరపెట్టుకున్నప్పుడు దేవుడు ఆయనను ప్రక్కకు పెట్టలేదు, అహరోనును తోడిచ్చాడు. తోడు టీచరును మొదట నియమించినవాడు దేవుడే!

నెహెమ్యా 8వ అధ్యాయములో లేవీయులు ధర్మశాస్త్రమును చదివి, జనులకు అర్థమగునట్లు వివరించారు. అర్థము కానివారిని గుమ్మము బయటకు పంపలేదు. పెంతెకొస్తు దినమున కూడ జనులందరు గలిలయ భాష నేర్చుకొని రండి అని ప్రభువు చెప్పలేదు. ఎవరి స్వభాషలో వారికి వినబడునట్లు చేశాడు.

ఆ ఇద్దరు పిల్లలు

సెల్లారు పాపను తల్లిదండ్రులు ప్రభుత్వ బడిలో వేశారు. సాయంత్రములు తాత దగ్గర తెలుగు అక్షరములు, గుణింతములు దిద్దినది. ఆరు నెలలలో కూడబలుక్కొని చదివినది. ఆ మీద ఇంగ్లీషు కూడ మెల్లగా అందుకొనుచున్నది. దాని తలకాయకు ఏమీ కాలేదు.

మా బాబుకు ఇప్పుడు ఆరున్నర ఏళ్ళు. నానమ్మ మళ్ళీ నోరు విప్పినది. ఆ అమ్మాయి నేర్పినట్లు బియ్యము ఏరుచు, బట్టలు మడత పెట్టుచు చిన్న చిన్న మాటలు చెప్పి, బాబు జవాబు కొరకు పది లెక్కపెట్టేంతసేపు ఆగేది. అటువంటి పిల్లలను చేర్చుకొనే వేరొక బడి దొరికినది. వాడు ఇంకను ముక్కలుముక్కలుగానే మాట్లాడుతాడు. 'ర' పలుకడు. తోటి పిల్లలతో సమానముగా చదువునో లేదో మాకు తెలియదు. ఆ సంగతి ప్రభువు చేతిలో పెట్టి, మా పని మేము చేయుచున్నాము.

అయితే క్రిందటి క్రిస్మసుకు ఊరికి వచ్చినప్పుడు, రాత్రి దీపము ఆర్పిన తరువాత వాడు నానమ్మ గడ్డము తన వైపు త్రిప్పుకొని, "నానమ్మా, దావీదు... లాయి... కొట్టు" అన్నాడు.

రాయి అనలేదు. లాయి అన్నాడు. మా ఇంట ఆ మాటకు రేవులో కాపలా లేదు. నానమ్మ కథ మొదలుపెట్టినది.